అడుగు మట్టి పైకొస్తే

ఆయన్ని తలచుకుంటే టార్పాలిన్ మీద మూడు కుప్పలు గుర్తొస్తాయి. కెనడాలోని ఆల్బర్టా కొండల దిగువన, పశువులు మేసే పచ్చికల్లో మట్టి రకాలు తేల్చే మా బృందానికి ఆయన పెద్ద. గుంట తవ్వితే గడ్డి పెళ్లలు, నల్లమట్టి, అడుగున ఉండే సున్నపు మట్టి విడివిడిగా పోయించేవారు. పూడ్చేటప్పుడు ఏది ఎక్కడిదో అక్కడికే వేయించేవారు.

ఒకసారి వాన వస్తోందని అంతా కలిపి పూడ్చేసి, "వరసలోనే వేశాను సార్" అని అబద్ధమాడాను.

మరుసటి వేసవికి అక్కడ గడ్డి రాలేదు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని నేల మీద యాసిడ్ చుక్క వేశారు. అడుగున ఉండాల్సిన సున్నం పైనే నురగలు కక్కింది.

"నల్లనేల, చెర్నోజెమ్ అని రాసుకున్నాం కదయ్యా. ఇప్పుడు దీన్నేమందాం?"

"నా పేరు పెట్టండి సార్" అన్నాను తలదించుకుని.

"నీ పేరు పెడితే ఆవులు మేస్తాయా? పార అందుకో."