మూత తెరిచిన రీలు

మా మామయ్య ఇప్పటికీ పెళ్లిళ్లకు ఫిల్మ్ కెమెరాతోనే వెళతాడు. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు బావ, తీసిన ఫోటో చూద్దామని ఆ కెమెరా వెనక మూత తెరిచేశాడు. లోపలి రీలుకు వెలుగు తగిలింది. పైగా, "ఈ కాలంలో ఇంకా ఈ డబ్బా ఏంటండీ?" అని అందరి ముందూ నవ్వాడు. ఫోటోలన్నీ పోయాయని పెళ్లివాళ్లు మామయ్యనే పంపేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

రీలు చుట్టలో వెలుగు చేరని లోపలి పొరలైనా దక్కుతాయేమోనని మామయ్య ఆశ. ఇంట్లో స్నానాలగదిని చీకటి చేసి, బొమ్మలు తేలే మందునీళ్లలో రీలు కడిగాడు. తడి రీలు పైకెత్తగానే ఇద్దరం కేకలు వేశాం. పై పొరలు నల్లగా మాడిపోయినా, తొమ్మిది బొమ్మలు బతికాయి! ఒకదానిలో ఆ బావగారే మీసం దువ్వుకుంటున్నాడు.

మొన్న కలిసినప్పుడు, "ఆ బావగారి బొమ్మ పారేయ్ మామయ్యా," అన్నాను.

"పోరా! అన్నిట్లోకీ బాగా పడింది వాడే. పెద్దది చేసి నేనే ఇచ్చొస్తా," అన్నాడు.