నిలబడి వేసిన మొక్కజొన్న

మా బావగారికి వ్యవసాయమంటే గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ. మావారి అన్నగారు కనుక ఆయన్ని మీరనీ అండీ అనీ అంటాను గానీ, నేను కాపరానికి వచ్చిన నాటి నుంచి ఆయన చేలోకి దిగగా చూడలేదు. గొడుగు, ఫోను, పక్కన మజ్జిగ సీసా. అక్కడ కూర్చుని, వంగి ఉన్న ఆడవాళ్ళని ఇంకాస్త వంగమని చెప్పడం ఆయన పని. దాన్నే అనుభవం అంటారాయన.

తాడేపల్లిగూడేనికి దగ్గర్లో మాకు ఎకరంన్నర. దాన్ని ఆనుకుని ఆయనకి నాలుగెకరాలు. మావారు రోజూ ఏలూరులో ఆఫీసుకి వెళ్ళిపోతారు, మా చేను నేను చూసుకుంటాను. వరి కోసిన తర్వాత దున్నకుండానే దుబ్బుల మధ్య మొక్కజొన్న వేస్తాం. ముందు ఒకరు కర్రతో గుంటలు పొడుచుకుంటూ పోతే, వెనకాల ఆడవాళ్ళు వంగి గుంటలో గింజ వేసి మట్టి కప్పాలి. పొద్దున్న వంగిన నడుం మళ్ళీ అన్నాల వేళకే లేస్తుంది.

ఆయన్ని అనే ముందు నా సంగతి కూడా చెప్పాలి. పదిహేనేళ్ళు నేనూ ఆ ఆడవాళ్ళ వెనకే నిలబడి, గుంట తప్పిందనీ మట్టి సరిగ్గా పడలేదనీ సాధించినదాన్నే. తర్వాత నా నడుం పట్టేసింది. ఏలూరులో డాక్టరుగారు ఎక్స్‌రే చూసి, వంగే పనులు మానెయ్యమన్నారు. ఇంట్లో పొడుగు కర్ర చీపురు కొనుక్కున్నాను, గ్యాసు గట్టు ఎత్తు పెంచుకున్నాను. అన్నీ అమిరాక గానీ, మా చేలో వంగే ఆరుగురికీ నడుములుంటాయని నాకు తోచలేదు. అంత చిన్న సంగతి తెలియడానికి నా వెన్నుపూస అరగాల్సి వచ్చింది. ఆ విషయంలో నా మీద నాకేమీ గౌరవం లేదు.

గూడెంలో పనిముట్లు అమ్మే కొట్లో గింజలు వేసే గొట్టం ఒకటి కొన్నాను. నడుం ఎత్తు ఉంటుంది. పైన గింజల డబ్బా, కింద ఇనుప ముక్కు. నేలలో గుచ్చి పిడి నొక్కితే ముక్కు తెరుచుకుని గింజ లోపల పడుతుంది. గుంట పొడిచే మనిషీ అక్కర్లేదు, వంగే మనిషీ అక్కర్లేదు.

మొదటి రోజే అది మొరాయించింది. నాలుగుసార్లు గుచ్చేసరికి ముక్కు నిండా బంకమట్టి. బావగారు కుర్చీలోంచి ఫోను ఎత్తి వీడియో తీశారు.

"పొలానికి చేతికర్ర కొన్నావేంటమ్మా? ముసలితనం నీకొచ్చిందా, చేనుకా?" అన్నారు.

"ఇద్దరికీనండి," అన్నాను. అంతకంటే మంచి జవాబు ఇంటికెళ్ళాక తట్టింది.

ఆడవాళ్ళకి పెద్దదిక్కుగా ఉండే ఆవిడ కలిదిండి వైపు మనిషి. అక్కడ వరిచేలు చేపల చెరువులయ్యాక నాట్ల పని లేక కుటుంబంతో ఇటు వచ్చేసింది. ఆవిడ గొట్టాన్ని తీసుకుని, ముక్కు గోకి, మట్టిని వేళ్ళ మధ్య నలిపి చూసింది. సామానులో తప్పు లేదనీ, నేలే ఇంకా పచ్చిగా ఉందనీ, రెండు రోజులు ఆరనిమ్మనీ చెప్పింది. ఆరనిచ్చాం. మూడో రోజు గొట్టం చక్కగా నడిచింది. నేను పరుగున వెళ్ళి మరో రెండు తెచ్చాను. సాయంత్రానికి మా చేను అయిపోయింది. ఆవిడ చెయ్యి కడుక్కుంటూ, "ఇయ్యాల వంట నిలబడి చేసుకుంటానండి," అంది. అంతకు ముందు ఏడాదుల్లో ఎలా చేసుకునేదో నేను ఏనాడూ అడగలేదు.

మర్నాడు వాళ్ళకి బావగారి చేలో పని. గొట్టాలు పట్టుకెళ్ళారు, నేనూ వెంట వెళ్ళాను. ఆయన గట్టు మీదే ఆపేశారు. వంగి వేస్తేనే గింజ బతుకుతుందట, నిలబడి వేస్తే భూమాతకి అవమానమట. మజ్జిగ తాగుతూ చెప్పారు ఇదంతా. భూమాత పాదాల దగ్గర ఆయన ఎన్నడూ కుర్చీ దిగలేదు మరి.

కలిదిండి ఆవిడ గొట్టం గట్టుకి ఆనించి, మెల్లగా అంది.

"అలాగేనండి. ఒక్క సాలు మీరేసి చూపించండయ్యగారూ. అచ్చం అలాగే ఏస్తాం."

వెక్కిరింపు ఒక్క పిసరు లేదు గొంతులో. ఆరుగురూ చేతులు కట్టుకుని ఎదురుచూశారు. పక్క చేలవాళ్ళూ ఆగారు. ఆయన లేవక తప్పలేదు. పంచె ఎగ్గట్టి, గింజలు తీసుకుని వంగారు. నేను లెక్కపెట్టాను, ఆ మాత్రం చిన్నబుద్ధి నాకుంది. పదమూడో గుంట దగ్గర చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నారు. పదిహేడో గుంట దగ్గర ఆగి, ఫోను మోగినట్టుందన్నారు. ఫోను కుర్చీలోనే ఉంది, మోగలేదు. ఒక చేత్తో నడుం పట్టుకుని గట్టెక్కి, నేల బాగా ఆరింది కనుక ఈసారికి గొట్టంతో కానివ్వమన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆవిడ "ఆయ్" అని పనిలోకి దిగింది.

ఆ రాత్రి ఆయనకి వేడినీళ్ళ కాపడం పెట్టానని తోటికోడలు ఫోనులో చెప్పింది. జాలిపడదామని చూశాను గానీ రాలేదు.

మరుసటేడు వ్యవసాయశాఖ వాళ్ళు ఊళ్ళోకి వస్తే, బావగారు ఇస్త్రీ చొక్కాతో చేలో నిలబడి మా గొట్టం పట్టుకుని ఫొటో దిగారు. ఊరికి ఈ పద్ధతి తనే తెచ్చానన్నారు. ఆడవాళ్ళ కష్టం చూడలేకపోయానన్నారు. ఫొటోలో గొట్టం తలకిందులుగా ఉంది, ఎవరూ గమనించలేదు. నేనేం చేశానంటే, వచ్చినవాళ్ళకి టీలు అందించాను. ఇంట్లో గొడవెందుకని మావారు అన్నారు, నేనూ ఊరుకున్నాను. ఆ రోజు ఎవరిని ఎక్కువ చులకనగా చూశానో, ఆయన్నో నన్నో, ఇప్పటికీ తేల్చుకోలేను.

కలిదిండి ఆవిడ మాత్రం ఆ రోజు అక్కడికి రాలేదు. ఇప్పుడు గొట్టాలు వాళ్ళింట్లోనే ఉంటాయి. పని చెప్పడానికి ఎవరొచ్చినా, గొట్టంతో అయితేనే వస్తామని ముందే చెప్పేస్తుంది. కుదరదన్నవాళ్ళకి దణ్ణం పెట్టి, టీ ఇచ్చి పంపేస్తుంది. మొన్న డిసెంబర్లో రెండు ఊళ్ళ చేలు అలాగే వేసొచ్చారు, మా చేను ఆఖరున.