రేడియో పిన్ని

ఆ బట్టల యూనిట్లో కాలర్లు కుట్టడంలో ఆమెంత చెయ్యి తిరిగిన మనిషి లేదు. అయినా ఆమెను అందరూ పిలిచేది 'రేడియో' అనే. భోజనాల గదిలో అనుకున్న మాట సాయంత్రానికల్లా యూనిట్ నడిపే మేడమ్ చెవిన పడుతోంది. నమూనా చొక్కాలు పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్లేది ఆమె ఒక్కతే కాబట్టి, చాడీలు మోసిన నేరం ఆమె నెత్తిన పడింది. అప్పట్నుంచి చేతులు కడిగే తొట్టి పక్కన, సబ్బు వాసనలో, ఒంటరిగా తింటోంది.

"ముద్ద దిగడం లేదే," అంటుండేది తన అక్క కూతురితో. "మానేద్దామంటే, నిజం కాబట్టే పోయిందంటారు."

ఆ అక్క కూతురు చదువు మధ్యలో ఆగిపోయిన పిల్ల. ఇళ్లకీ దుకాణాలకీ నెట్ సరిచేస్తుంటుంది. ఒకరోజు మేడమే ఆమెను పిలిపించింది. లేబుళ్లు కొట్టే ప్రింటరు వైఫై మీద కనిపించకుండా పోతోందట.

మధ్యాహ్నం వేళ. మేడమ్ గుండుసూదితో పళ్లు కుట్టుకుంటూ కూర్చుంది. ఊడివచ్చిన తునకను చూసుకుని బల్ల అంచుకు రాసింది. పిల్ల తన ల్యాప్‌టాప్‌ను ఇవతలికి జరుపుకుని, తను రాసుకున్న చిన్న ప్రోగ్రాము నడిపింది. అది హాజరు వేసే పంతులమ్మ లాంటిది. ఆ వైఫై మీది ఒక్కొక్క చిరునామా దగ్గరకూ వెళ్లి 'ఎవరైనా ఉన్నారా?' అంటుంది. పలికిన ప్రతిదాన్నీ 'నీ పేరేంటి, నువ్వు చేసే పనేంటి?' అని అడుగుతుంది.

మేడమ్ ఫోను పలికింది. గోడమీది టీవీ పలికింది. ప్రింటరు పలకలేదు. దాని బదులు ఇంకేదో పలికింది. పేరు బేబీ మానిటర్. చేసే పని, శబ్దం పంపడం.

పక్క గదిలో పసిబిడ్డ ఏడిస్తే తల్లికి వినిపించే యంత్రమది.

"మేడమ్, ఇక్కడ పసిపిల్లలెవరైనా ఉన్నారా?"

"మిషన్ల మధ్య పసిపిల్లలేంటే, పిచ్చిదానా?" అని నవ్వబోయి, మేడమ్ ఆగింది.

అప్పటికే పిల్ల దాన్ని నొక్కేసింది. దానికి పాస్‌వర్డు తాళం కూడా వేయలేదు. ల్యాప్‌టాప్‌లోంచి డబ్బా మూతల చప్పుడు, నవ్వులు, ఆ వెంటనే ఓ గొంతు: "ష్, రేడియో వస్తోంది. నోళ్లు కట్టెయ్యండమ్మా!"

తర్వాత ఒక్క మాట లేదు. కుళాయి చుక్కలు పడుతున్నాయి. ఎవరో ఒక్కరే నములుతున్నారు. ఆ దగ్గు పిన్నిది.

పిల్ల బల్ల అంచుకేసి చూసింది. ఈవిడ రోజూ ఇదంతా వింటూ పళ్లు కుట్టుకుంటోందన్నమాట.

"కట్టెయ్ దాన్ని," అంది మేడమ్. "ఎవరైనా కళ్లు తిరిగి పడితే తెలుస్తుందని పెట్టా. మీ పిన్నిలాంటి పెద్దవాళ్ల కోసమే."

"మా పిన్నిని ఏమంటున్నారో కూడా విన్నారుగా?"

"నలుగురన్నాక నాలుగూ అనుకుంటారు. నువ్వు ప్రింటరు సంగతి చూడు."

పిల్ల ల్యాప్‌టాప్‌ను ఉన్నపళంగా ఎత్తుకుని భోజనాల గదిలోకి నడిచింది. అక్కడ బల్లమీద పెట్టగానే, మైకు పక్కకు తెచ్చిన స్పీకరులా అది కుయ్యోమని అరిచింది. వాటర్ ఫిల్టర్ వెనక చెయ్యి పెట్టి వెతికితే దొరికింది. నవ్వుమొహం ఎలుగుబంటి బొమ్మ. నిండా జిడ్డు, జిడ్డుకు అంటుకున్న వెంట్రుకలు. చచ్చిన ఎలుకను పట్టినట్టు రెండు వేళ్లతో పైకెత్తింది.

"ఇదిగో మీ రేడియో. రోజూ మేడమ్ గదిలో మోగుతోంది."

గదిలో అందరూ కొయ్యబారిపోయారు. పిన్నికి ఆ పేరు పెట్టిన మనిషే, అందరూ కత్తెర అని పిలిచే ఆవిడ, ముందుగా తేరుకుంది. "మాకేం తెలుసక్కా... రా, ఇలా నా పక్కన కూర్చో. నా డబ్బాలో తిందువుగాని," అంది పిన్నితో, తేనెలు కారుస్తూ.

ఆ తియ్యదనం ముందు ఎలుగుబంటి జిడ్డే నయమనిపించింది పిల్లకు.

పిన్ని చెయ్యి కడుక్కుంది. డబ్బా మూత బిగించింది. బొమ్మను అందుకుని నోటి దగ్గర పెట్టుకుంది.

"మేడమ్, వినపడుతోందా? రేపట్నుంచి నేను రాను."

పిల్ల వెనకే వచ్చిన మేడమ్ గుమ్మంలోనే నిలబడి ఉంది. పిన్ని బొమ్మను కత్తెర ఒళ్లో పడేసి బయటికి నడిచింది.

దారిలో పిల్ల వేళ్లను చున్నీకి తుడుచుకుంటూనే ఉంది.

"ఇంతకీ ఆ ప్రింటరు బాగయిందా?" అంది పిన్ని.

"లేదు."

"మంచిపని చేశావు."