ఐదు గీతల పైలట్

కరోనా ఏడాది విమానాలన్నీ ఆగిపోయాయి. నేను కో-పైలట్‌గా పనిచేసే కంపెనీ మొదట జీతం లేని సెలవు అన్నది. తర్వాత ఆ సెలవు కూడా లేదన్నది. కాంట్రాక్టు మీద ఉన్న మా అందరినీ ఒక వీడియో మీటింగులో కూర్చోబెట్టి, హెచ్.ఆర్. మేడమ్ చాలా తీయగా మాట్లాడింది. ఎవరైనా ఏమైనా అడిగేలోపు అందరి మైకులూ తనే ఆపేసింది. అలా నా ఉద్యోగం పోయింది. ఢిల్లీలో కిరాయి గది ఖాళీ చేసి, సూట్‌కేసులు సర్దుకుని చేవెళ్ల పక్కన ఆలూరులో మా ఇంటికి వచ్చేశాను.

అమ్మ ఏడ్చింది. బాపు, వ్యవసాయంతో పాటు మండలంలో పార్టీ పనులు చూసుకునే మనిషి కాబట్టి, వెంటనే పరిష్కారం ఆలోచించాడు.

"పంచాయతీ సెక్రటరీ పరీక్ష రాయి బిడ్డా. ఏ రోగమొచ్చినా పంచాయతీ ఆగదు. పర్మనెంటు."

మా నాయనమ్మ ఏడవలేదు, సలహా ఇవ్వలేదు. ఆమెను ఇంట్లో అందరం అవ్వ అనే పిలుస్తాం. మనుమరాలు ఉద్యోగం పోయి వచ్చిందన్న మాట గడప దాటకూడదని అవ్వ ఆ పూటే తీర్మానించింది. మర్నాటి నుంచి అబద్ధాలు మొదలయ్యాయి.

పాలు పోసే ఆమె అడిగితే, "దాని ఇమానం సర్వీసింగ్‌కు ఇచ్చిండ్రు. ఇంజన్ దించిండ్రంట. మన ట్రాక్టర్ ఇంజన్‌కే నెల వట్టె, గంత పెద్దదానికి వట్టదా?" అన్నది. బాపుకు గిట్టని పార్టీ వాళ్ల ఇంటావిడ అడిగితే అబద్ధం స్థాయి పెంచింది. "దీన్ని రిజర్వుల వెట్టిండ్రు. ఢిల్లీల పెద్దోళ్లెవలన్న అర్జెంటుగ పోవాల్నంటే ఇదే తీస్కపోవాలె."

ఎవరికి ఏం చెప్పిందో నాకు తెలియదు. అందుకని ఎవరు పలకరించినా "అవ్వ చెప్పిందిగా" అని తప్పించుకునేదాన్ని. ఒకరోజు ఆ ఇద్దరు ఆడవాళ్లూ రేషన్ షాపు దగ్గర కలిసి లెక్క సరిచూసుకుని, నేరుగా మా ఇంటికే వచ్చారు. సర్వీసింగా, రిజర్వా?

అవ్వ రెప్ప కూడా వేయలేదు. "దానికి రెండు ఇమానాలున్నయి. ఒకటి సర్వీసింగ్‌ల ఉన్నది, ఒకటి రిజర్వుల ఉన్నది" అన్నది.

ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని నేను పొలం పనిలో పడ్డాను. మాది క్యారెట్ పంట. పొద్దున్నే ట్రాలీ ఆటోలో సంచులేసుకుని చేవెళ్ల మార్కెట్‌కు నేనే నడుపుకుంటూ వెళ్లేదాన్ని. హమాలీలకు నా చరిత్ర రెండో రోజుకే తెలిసిపోయింది. నేను బ్రేకు వేసినప్పుడల్లా, "మేడమ్, ల్యాండింగ్ జర మెల్లగ! క్యారెట్లు కిందికి దుంకుతున్నయి" అని అరిచేవాళ్లు.

అలా ఏడాది దాటింది. ఒకరోజు బాపు లేని సమయం చూసి, మొయినాబాద్ వైపు ప్లాట్లు వేసి అమ్మే ఒక పెద్దమనిషి ఇంటికి వచ్చాడు. కొత్త వెంచర్ ప్రారంభం ఉందట. దాని గొప్పల్లో మొదటిది, ఎయిర్‌పోర్టుకు దగ్గర. పైలట్ యూనిఫారంలో ఒక మనిషి వచ్చి రిబ్బన్ కత్తిరిస్తే ఆ మాటకు బలం వస్తుంది. నేను చాయ్ పట్టుకుని బయటికి వచ్చేసరికి అవ్వ ఒప్పేసుకుంది.

"అవ్వా, నాకిప్పుడు కొలువే లేదు" అన్నాను ఆయన వెళ్లాక.

"కొలువు లేకుంటేంది, లైసెన్సున్నదా లేదా?"

లైసెన్సు ఉంది. పైగా, ఆ తెల్ల చొక్కా మళ్లీ ఒకసారి వేసుకోవాలని నాకూ లోపల్లోపల ఉండింది. అందుకే ఎక్కువ వాదించలేదు. పాత యూనిఫారం కంపెనీకి తిరిగి ఇచ్చేశాను కాబట్టి, చేవెళ్లలో టైలర్‌కు కొత్తది కుట్టడానికి ఇచ్చాం. భుజాల మీద బంగారు గీతలు మూడు ఉండాలని, కో-పైలట్‌కు మూడే అని, నాలుగు ఉంటే కెప్టెన్ అని అవ్వకు వివరంగా చెప్పాను. చెప్పడమే నేను చేసిన పొరపాటు.

ప్రారంభం రోజు పొద్దున చొక్కా విప్పి చూస్తే ఒక్కో భుజం మీద ఐదు గీతలు ఉన్నాయి.

"కెప్టెన్‌కు నాలుగుంటే మనకు ఐదుండొద్దా?" అన్నది అవ్వ. "తీసేసినోల్ల లెక్క మనకెందుకే?"

ప్రపంచంలో ఏ విమాన కంపెనీలోనూ ఐదు గీతల పైలట్ ఉండడు. కానీ టైలర్ దగ్గరికి పోయే సమయం లేదు. అదే వేసుకుని అవ్వతో పాటు వెళ్లాను. ఎర్రమట్టి నేలలో తెల్ల రాళ్లు పాతి, ఆర్చి కట్టి, షామియానా వేశారు. అందరూ నా భుజాల వైపు భక్తిగా చూశారు. టై కట్టుకుని బ్రోచర్లు పంచుతున్న ఒక సేల్స్ కుర్రాడు మాత్రం పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, ఐదోది దేనికి? స్పేరా?"

అది తెలిసినవాడు మామూలు మనిషి కాడు. అడిగితే చెప్పాడు, అతనిది మా పక్కనే శంకర్‌పల్లి. అతనూ కో-పైలటే. అతని కంపెనీ కరోనాకు ముందే మూతపడింది. వేరే కంపెనీలో చేరాల్సిన వారమే లాక్‌డౌన్ వచ్చింది.

"లైసెన్సు జేబుల ఉన్నది, బ్రోచర్లు చేతుల ఉన్నయి" అన్నాడు. "మన బ్యాచోల్లు శానమంది ప్లాట్లల్లనే ఉన్నరు మేడమ్. ఒకాయన బిర్యానీ పాయింట్ వెట్టిండు."

ఇంతలో నన్ను స్టేజీ మీదికి పిలిచారు. పెద్దమనిషి మైకులో, "ఇక్కడి నుంచి ఎయిర్‌పోర్టు పావుగంట! నా మాట కాదు, కెప్టెన్ మేడమే చెప్తరు" అన్నాడు. ముందు వరుసలో ఒక ముసలాయన లేచాడు. "నిజమేనా బిడ్డా? నేను పొద్దుగాల అటుకెల్లే వచ్చిన" అన్నాడు.

శంకర్‌పల్లి పైలట్ కింద నిలబడి కనుబొమలు ఎగరేశాడు. నాకు ఎక్కడి నుంచో పాత గొంతు వచ్చేసింది. కాక్‌పిట్ నుంచి ప్రకటన చేసే గొంతు.

"ప్రయాణికులకు నమస్కారం. విమానంలో అయితే మూడు నిమిషాలు. కారులో అయితే మొయినాబాద్ దాటేదాకా సీటు బెల్టు పెట్టుకుని ఓపిగ్గా కూర్చోవలసిందిగా మనవి."

షామియానా అంతా గొల్లుమంది. పెద్దమనిషి ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ రంగు మారింది. ఆయన ఏమైనా అనేలోపు అవ్వ మెట్లెక్కి మైకు లాక్కుంది. "ఫికర్ జెయ్యకుండ్రి. రోడ్డు పెద్దగైతున్నది. మా కొడుకు శాంక్షన్ వట్టుకొస్తుండు" అన్నది. చప్పట్లు మోగాయి. మా బాపు ఆ సమయంలో ఇంట్లో పడుకుని ఉన్నాడు.

మర్నాడు నాలుగూళ్ల వాళ్లు మా వాకిట్లో కూర్చున్నారు. ఎవరి పొలం పోతుంది, ఎవరి పొలం మిగులుతుంది అని బాపును నిలదీశారు. వాళ్లను ఎలాగో పంపించి బాపు అవ్వ మీద పడ్డాడు.

"నేనెప్పుడు రోడ్డు తెస్తనన్న?"

"ఎప్పటికైన అడగాల్సిందే గదరా. ఇప్పుడే అడుగు" అన్నది అవ్వ.

బాపు దరఖాస్తు పట్టుకుని ఆఫీసులు తిరగక తప్పలేదు. ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాడు.

శంకర్‌పల్లి పైలట్ ఆ తర్వాతి వారం మా ఇంటికి వచ్చాడు. చంకలో చాప చుట్టలాంటి కాగితం ఉంది. విప్పితే కాక్‌పిట్ బొమ్మ, ప్రతి మీటా, ప్రతి మీటరూ అసలు సైజులో ఉన్నాయి. ఎప్పటికైనా నియామకాలు మొదలైతే సిమ్యులేటర్ పరీక్ష ఉంటుంది, అప్పటికి చేతులు మొద్దుబారిపోతే కష్టం అన్నాడు. క్యారెట్లు కడిగే షెడ్డులో గోడకు ఆ బొమ్మ అంటించి, ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. పక్కన క్యారెట్లు కడిగే డ్రమ్ము తిరుగుతుంటే ఆ చప్పుడు ఇంజన్ చప్పుడులాగే ఉండేది. ఒకరోజు అతను కెప్టెన్, ఒకరోజు నేను.

పరాయి పిల్లగాడితో షెడ్డులో ఏం చేస్తున్నానో చూద్దామని అవ్వ మూడో కుర్చీ తెచ్చుకుని వెనకాల వేసుకుంది. రెండు రోజులు ఊరకే చూసింది. మూడో రోజు, మేం టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆగిపోయినట్టు సాధన చేస్తుంటే, వెనక నుంచి అన్నది.

"ఎనక ఒకామెకు నొప్పులొస్తున్నయి. దించుతరా, పోతరా?"

"అవ్వా, ఇప్పుడే ఒక ఇంజన్ పోయింది."

"అయితే ఆమె ఆగుతదా?"

ఆపై ప్రతిరోజూ ఆవిడే మాకు ఆపదలు కల్పించేది. ఒకాయన చుట్ట వెలిగించాడు, ఒకాయన కిటికీ తెరవమంటున్నాడు, ఇద్దరు వియ్యంకులు సీటు కోసం కొట్టుకుంటున్నారు. నాకు శిక్షణ ఇచ్చిన ఏ గురువూ ఇంత సతాయించలేదు. ఊళ్లో మాత్రం మా షెడ్డులో పైలట్ కోర్సు చెబుతున్నారని పాకింది. పక్క ఊరి నుంచి ఒకాయన కొడుకును చేర్పించడానికి వస్తే, అవ్వ విచారంగా, "సీట్లు నిండినయి" అని పంపించింది.

విమానాలు మళ్లీ నిండుగా ఎగరడం మొదలయ్యాక ఒక కంపెనీ పైలట్లను పిలిచింది. ఇద్దరం వెళ్లాం. హాలు నిండిపోయి ఉంది. ఒకప్పుడు నేను లేచి నిలబడి నమస్కారం పెట్టిన సీనియర్లు ఫైళ్లు ఒళ్లో పెట్టుకుని వరుసలో కూర్చున్నారు. రాత పరీక్ష, సిమ్యులేటర్ ఇద్దరం బాగానే గట్టెక్కాం. ఇంటర్వ్యూలో ఒక పెద్ద కెప్టెన్, ఈ ఖాళీ కాలంలో ఏం చేశావని అడిగాడు. క్యారెట్లు అమ్మానని, ఊరు పేరు చెప్పాను. పక్కాయన కుర్చీలో ముందుకు జరిగాడు. మొయినాబాద్ దగ్గర ప్లాటు తీసుకోవచ్చా అన్నాడు.

అక్కడ నగరానికి నీళ్లిచ్చే జంట చెరువుల కోసం ప్రభుత్వం జీవో ఇచ్చి కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన ఊళ్లు ఉన్నాయి. ఆ జీవో సంగతి మా దగ్గర పసిపిల్లలకు కూడా తెలుసు. "జీవో లోపలా, బయటా సార్?" అని అడిగాను. ఆయన ఊరు పేరు చెప్పాడు. "అయితే వద్దు సార్" అన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. రిజిస్ట్రేషన్ అంతకుముందు నెలే అయిపోయిందట.

శంకర్‌పల్లి పైలట్‌కు ఉద్యోగం వచ్చింది. నన్ను వెయిటింగ్ లిస్టులో పెట్టారు. అతను మిఠాయి పట్టుకుని వచ్చాడు. నవ్వుతూనే తీసుకున్నాను. అతను వెళ్లాక, ఆ పూట క్యారెట్ సంచులను ఎంత గట్టిగా విసిరానంటే, బాపు వచ్చి డ్రమ్ము ఆపేసి, "ఇంట్లకు వో బిడ్డా" అన్నాడు.

తర్వాత నెలలు గడిచాయి, పిలుపు రాలేదు. ఒక పొద్దున అవ్వ నాతో పాటు మార్కెట్‌కు వచ్చింది. కొత్తిమీర అమ్మే ఆమె ఎప్పట్లాగే అడిగింది. "ఏందవ్వా, మనుమరాలి ఇమానం ఇంక బాగుగాలేదా?"

అవ్వ కొత్త కథ చెబుతుందని చూస్తున్నాను. అవ్వ నా వైపు ఒకసారి చూసి, సంచి మీద కూర్చుంది.

"ఇమానం బాగనే ఉన్నదే. దీని కొలువే పోయింది."

కొత్తిమీర ఆమె కట్ట కడుతూ తలెత్తలేదు. "మాకు తెల్వదా? ఎప్పుడో తెలుసు. నీ ముచ్చట్లు ఇనబుద్ధయితది, అందుకే అడుగుతుంటిమి" అన్నది. "మా అల్లునిది గూడ హోటల్ల పోయింది. దొరుకుతదిలే."

ఊరంతా మొదటి నుంచీ తెలిసే అడుగుతోందన్నమాట. ఇంటి దగ్గర దిగుతూ అవ్వ, "ముందే చెప్పొచ్చు గద ముండలు. ఎంత తిప్పలవడి అల్లిన" అన్నది. నేను స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వాను. చాలా రోజుల తర్వాత అంత నవ్వాను.

చివరికి పిలుపు వచ్చింది. రెండేళ్ల కాంట్రాక్టు, ఇదివరకటి కంటే తక్కువ జీతం. బాపు అంతా విని, "మల్ల తీసేస్తే?" అన్నాడు. మళ్లీ వస్తానన్నాను. ఆయన షెడ్డులో గోడ మీది బొమ్మను చింపొద్దని పనివాళ్లకు చెప్పాడు.

శిక్షణ అయ్యాక మొదటి రోజు నా పక్కన కూర్చున్న కెప్టెన్ నాకంటే చిన్నవాడు. నేను ఇంట్లో ఉన్న కాలంలో అతను మరో దేశంలో సరుకు విమానాలు నడిపి పైకొచ్చాడు. నేను సార్ అన్నాను, అతను మేడమ్ అన్నాడు. ఎన్నాళ్లయింది మీరు నిజం విమానం నడిపి, అని అడిగాడు. చాలా రోజులైందని చెప్పాను. అతను రన్‌వే వైపు చూసి, "టేకాఫ్ మీరే చేయండి" అన్నాడు.

చేశాను. కొంచెం వంకరగా, కానీ చేశాను.