వాక్యూమ్ చేసిన రోజే గొంతు పోయేది

2009లో ఒక ఆదివారం ఉదయం పిల్లలకు గీతం చెబుతుండగా పై షడ్జం దగ్గర నా గొంతు ఆగిపోయింది. మళ్ళీ అందుకోబోతే గాలి తప్ప స్వరం రాలేదు. ఆపైన వరసగా తుమ్ములు. ఎదురుగా కార్పెట్ మీద కూర్చున్న పిల్లలు తాళం వేస్తూనే ఉన్నారు. "ఆంటీ, ఆర్ యూ ఓకే?" అని ఒక పాప అడిగింది. జలుబు చేసిందన్నాను.

అప్పటికి నాలుగేళ్ళుగా అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మా అద్దె ఇంట్లో సంగీతం నేర్పుతున్నాను. జలుబైతే వారంలో పోవాలి. ఇది మూడు నెలలైనా పోలేదు. ఫ్యామిలీ డాక్టర్ పుప్పొడి వల్లేనని యాంటీహిస్టమిన్ రాశారు. వేసుకుంటే మత్తు, మానేస్తే తుమ్ములు. వేసవికల్లా మెట్లెక్కితే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

ఇల్లు ఇంకా శుభ్రంగా ఉంచాలనుకున్నాను. వారానికోసారి చేసే వాక్యూమ్ రోజూ చేశాను. క్లాసు ఉన్న రోజు పిల్లలు వచ్చే ముందు తప్పకుండా చేసేదాన్ని. ఆ రోజుల్లోనే గొంతు ఎక్కువగా పోయేది. రెండింటికీ సంబంధం ఉందని తట్టలేదు. ఒక తల్లి ఫోన్ చేసి, "మీకు బాగయ్యాక చూద్దాం మేడమ్, అప్పటిదాకా పాపని వేరే చోట చేరుస్తాం" అంది. సరేనన్నాను. వాదించే ఓపిక లేదు.

చివరికి అలర్జిస్ట్ దగ్గరికి వెళ్ళాం. స్కిన్ ప్రిక్ టెస్ట్ కోసం వారం ముందే మాత్రలు ఆపమన్నారు. ఆ వారం ముక్కు తుడుచుకోవడం తప్ప ఏ పనీ చేయలేదు. టెస్ట్ రోజు అలర్జీ తెప్పించే ఒక్కో పదార్థం చుక్క వేసి వీపంతా గుచ్చారు. ఇంటి దుమ్ములో బతికే కంటికి కనబడని పురుగులు, డస్ట్ మైట్స్ దగ్గర దద్దురు అన్నిటికంటే పెద్దగా లేచింది.

డాక్టర్ అది చూసి, "హూ వాక్యూమ్స్ ఎట్ హోమ్?" అని అడిగారు.

"నేనే. రోజూ."

"ఏ వాక్యూమ్? దుమ్ము డబ్బా ఎవరు ఖాళీ చేస్తారు?"

అదీ నేనే. లోపల సంచీ లేని పాత బ్యాగ్‌లెస్ మెషీన్. డబ్బాని వంటింటి చెత్తబుట్టలో దులిపేదాన్ని. ముందు లాగిన సన్నటి దుమ్ము వెనకనుంచి మళ్ళీ గదిలోకే వస్తోందని, అది కిందికి దిగేలోపే నేను అక్కడ కూర్చొని పాడుతున్నానని ఆవిడ చెప్పారు. సన్న దుమ్మునీ ఆపే హెపా ఫిల్టర్, సంచీ ఉన్నది కొనమన్నారు. ఇన్‌హేలర్, నేజల్ స్ప్రే రాశారు.

కొత్త మెషీన్ వచ్చింది. దాన్నీ నేనే తోశాను. నెల తర్వాత ఆయాసం ఎక్కువై అర్జెంట్ కేర్‌లో నెబ్యులైజర్ పెట్టించుకోవాల్సి వచ్చింది. కార్లో తిరిగొస్తుంటే మా ఆయన శ్రీధర్ అన్నాడు: "ఇక నేను చేస్తా. కానీ నా వెనకే వచ్చి మళ్ళీ చేయకు."

"మూలలు వదిలేస్తావు."

"మూలలు ముఖ్యమా, నీ ఊపిరి ముఖ్యమా?"

కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఇంటిపని కూడా చేతకాని మనిషినయ్యానని అనిపించింది.

అలర్జిస్ట్ మళ్ళీ చూసి, వాక్యూమ్ ఒక్కటే చాలదన్నారు. పరుపుకీ దిండ్లకీ జిప్ ఉన్న కవర్లు తొడిగాం. వారం వారం దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికాం. కార్పెట్ తీయడానికి ఇంటి ఓనర్ ఒప్పుకోకపోతే క్లాసుని వంటింటి పక్కన టైల్స్ ఉన్న చోటికి మార్చాను. ఆయాసం తగ్గడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది.

ఇప్పుడు 2014. శుక్రవారం సాయంత్రం శ్రీధర్ మాస్క్ పెట్టుకొని వాక్యూమ్ చేస్తాడు, సంచీ గరాజ్‌లో మారుస్తాడు. దుమ్ము దిగేదాకా రెండు గంటలు నేను లైబ్రరీలో ఉంటాను. మునుపటి ఐదు శ్రుతి అందదు, ఒక మెట్టు దించి నాలుగున్నరలో పాడతాను. వెళ్ళిపోయిన పాప తిరిగి రాలేదు. స్ప్రే రోజూ ఉండాల్సిందే.

మీలో అలర్జీ ఉన్నవాళ్ళకు ఒకటే చెబుతాను. మంచి వాక్యూమ్ కొనండి, కానీ దాన్ని తోసే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించి, ఆ కాసేపు బయటికి వెళ్ళండి. ఒంటరిగా ఉంటే ఎన్95 మాస్క్ పెట్టుకొని చేసి, వెంటనే ఆ గది వదిలేయండి. ఇంట్లోవాళ్ళు చేస్తే మూలలు మిగిలిపోతాయి. మిగలనివ్వండి.