బ్యాటరీ నిండుగనే ఉన్నది

నాకు కోపం ఎక్కువ. మా తుక్కుగూడ దిక్కు అందరికీ తెలిసిందే, దాచుడెందుకు. ఆ కోపమే లేకపోతే బ్యాటరీని డబ్బాల పెట్టి కంపెనీకి పంపిచ్చి, చేతులు కట్టుకొని కూసుందును. అందుకే ఈ ముచ్చట జర గర్వంగనే చెప్తున్న, ఏమనుకోకుండ్రి.

ఇంటి మీద సోలార్ పలకలు, మెట్ల కింద లిథియం బ్యాటరీ పెట్టిచ్చింది నేనే, కొట్లాడి పెట్టిచ్చిన. మా తాన రోడ్డు పెద్దగ చేస్తున్నమని ఎప్పుడు చూసినా తవ్వుతనే ఉంటరు, తవ్వినప్పుడల్లా కరెంటు పోతది. నాకేమో నాటుకోడి గుడ్లు పొదిగే మిషన్ ఉన్నది. చిన్న బీరువా అంత ఉంటది. లోపల వెచ్చదనానికి హీటర్, గాలి తిరగనీకె ఫ్యాన్, గుడ్లను ఒరగబెట్టే ట్రేలు. అది చాన సేపు చల్లబడిందంటే గుడ్డుల పిల్ల సచ్చిపోతది. మా ఆయన పాత యాసిడ్ బ్యాటరీయే నయమన్నడు, అప్పుడప్పుడు నీళ్లు పోసుకుంటే పడి ఉంటదన్నడు. నేను వినలే. విననందుకు ఆయన మూతి ముడుచుకున్నడు, ముడుచుకోనీ అనుకున్న.

ఆ సారి మిషన్ల ఉన్న గుడ్లు నావి కావు, మా ఇంటెనుక ఉండే అక్కవి. ఆమె తల్లిగారింటి నుంచి తెచ్చుకున్న కోళ్ల సంతతి అది. నల్లటి కాళ్లు, పొడుగు మెడలు. నెత్తి మీదికెల్లి విమానం పోయినా తల ఎత్తి చూడయి. చుట్టూ చేన్లన్నీ ప్లాట్లు అయినంక కుక్కలు ఎక్కువైనయి. ఒకనాడు పొద్దుగాల లేచి చూస్తే కోళ్లగూడు తలుపు ఊడి ఉన్నదట, లోపల ఈకలే మిగిలినయట. పెట్టలు పోయినయి, పుంజు పోయింది. చాటల దాచిపెట్టిన గుడ్లు మాత్రం ఉన్నయి. ఆ చాట పట్టుకొని నా తానికి వచ్చింది.

"ఇగ నా కోళ్లంటే ఇవే చెల్లె" అన్నది.

ఏడ్వలే. ఏడ్చినా బాగుండు అనిపిచ్చింది నాకు. గుడ్లు తీసుకొని ఒక్కొక్కటే ట్రేల పేర్చిన, ఫికర్ చెయ్యకు నేనున్న అన్న. అనుడైతే అన్న.

పొదిగే రోజులల్ల సగం మంచిగనే గడిచినయి. ఒక మాపటీలి కరెంటు పోయింది. బ్యాటరీ మీద ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది. హీటర్ ఎక్కంగనే, అదే కరెంటు ఎక్కువ గుంజేది, టక్కుమని అంతా బంద్. మళ్ల వేస్తే ఫ్యాన్ తిరిగింది, హీటర్ ఎక్కంగనే మళ్ల బంద్. మా అత్త లోపలికెల్లి గొంగడి తెచ్చింది, నేను సీసాలల్ల వేడినీళ్లు పోసి ట్రేల నడుమ పెట్టిన, ఇద్దరం మిషన్‌కు గొంగడి కప్పి కూసున్నం. కరెంటు వచ్చేదాకా సీసాలల్ల నీళ్లు మారుస్తనే ఉన్నం. తెల్లారి మళ్ల పోయింది, మళ్ల గదే కథ.

మా ఆయన చెప్పిన కదా అన్నట్టు చూసిండు. నోరు తెరిచి అననందుకు బతికిపోయిండు.

బ్యాటరీ బిగిచ్చిన తమ్మికి ఫోన్ చేసిన. మహబూబ్‌నగర్ దిక్కు పని మీద ఉన్నడు, రెండు మూడు రోజులు రాలేనన్నడు, కాని ఫోన్ పెట్టేయలే, ఓపికగ చెప్పిండు. ఇన్వర్టర్ సెట్టింగ్‌ల పాత యాసిడ్ బ్యాటరీ అని పెట్టి ఉంటే గిట్ల తికమక పడుతదక్కా, చూడు అన్నడు. చూస్తే లిథియం అనే ఉన్నది. కంపెనీకి చేస్తే ఆ పిల్ల మర్యాదగనే మాట్లాడింది, బ్యాటరీ విప్పి పంపుండ్రి మేడం, పరీక్ష చేసి చెప్తమన్నది. పంపిస్తే ఎప్పటికి రావాలె? రోడ్డు తవ్వేటోళ్లు ఆగుతరా, గుడ్లల్ల పిల్లలు ఆగుతయా? ఒళ్లు మండింది. నేనే చూస్త అనుకున్న.

పగటిపూట మెయిన్ నేనే బంద్ చేసిన. మా ఆయనను పైన ఇన్వర్టర్ ముందల నిలబెట్టిన, నేను మెట్ల కింద ఫోన్ పట్టుకొని కూసున్న. బ్యాటరీ తన సంగతి తాను ఫోన్‌ల చెప్తది, ఎంత నిండింది, ఎంత జోరు మీద ఉన్నది, అదే వోల్టేజీ, అని. ఫోన్‌ల చూస్తే నిండుగ ఉన్నది. హీటర్ ఎక్కింది. ఫోన్‌ల అంకె జర అంత కదిలింది, గంతే. పైకెల్లి మా ఆయన, ఇక్కడ బ్యాటరీ ఖాళీ అని చూపిస్తున్నదే అన్నడు, అనంగనే బంద్ అయింది. ఇంకోసారి చేసినం. మళ్ల గట్లనే. బ్యాటరీ నిండుగ ఉన్న అంటది, ఇన్వర్టర్ నువ్వు ఖాళీ అంటది. ఇద్దరి నడుమ ఉన్నది రెండు వైర్లే. అంటే అక్కడినుంచి బయల్దేరిన కరెంటు ఇక్కడిదాకా చేరుతలేదు, దారిల ఎవడో ఆపుతున్నడు.

మూడోసారి వేసినప్పుడు వంగి చూస్తున్న. ఏదో వాసన వచ్చింది. వైరు కాలిన వాసన కాదు. పోపుల పసుపు మాడితే వస్తదే, చేదుగ, ముక్కుకు పట్టేది, గది. ఇన్నేండ్లు పొయ్యి కాడ నిలబడ్డదాన్ని, ఆ వాసన నాకు ఒకరు చెప్పాల్నా? బ్యాటరీల పసుపేంది అనుకున్న. అనుకుంటనే మతికొచ్చింది.

బ్యాటరీ వచ్చిననాడు ఆ తమ్మి డబ్బా పెట్టి, వైర్లు ఇంకా బిగియ్యకముందే చాయ్ తాగనీకె బయటికి పోయిండు. మా ఇంట్ల కొత్త వస్తువేదైనా పసుపు కుంకుమ పెట్టంది ముట్టం, ట్రాక్టరైనా గ్రైండరైనా. మా అత్త పసుపు తడిపి తెచ్చి, డబ్బా మీద మెరుస్తున్న, వైర్లు బిగిచ్చే రెండు ఇత్తడి మొనలు చూసి, పెట్టాల్సిన జాగ ఇదే అనుకున్నది. రెండిటికీ మెత్తింది, కుంకుమ అద్దింది. తమ్మి వచ్చి పైపైన తుడిచి, వైర్లు పెట్టి బిగిచ్చేసిండు. అప్పుడు మేమంత చప్పట్లు కొట్టినం కూడ.

తమ్మికి వీడియో కాల్ చేసిన. ఆయన చెప్పినట్టే ముందు పలకల స్విచ్చు, తర్వాత ఇన్వర్టర్, తర్వాత బ్యాటరీ బంద్ చేసిన. మెడల, చేతులకు ఇనుము బంగారం ఏది ఉన్నా తియ్యక్కా, అది రెండు మొనలకు తాకితే నిప్పులు లేస్తయన్నడు. పుస్తెలతాడు తీస్తుంటే మా అత్త అడ్డమొచ్చింది. ఇగ ఆమెతోని వాదన పెట్టుకోలేక తాడు వీపు మీదికి తిప్పి, కొస జాకెట్‌ల దోపి, మీద కొంగు గట్టిగ చుట్టిన. పానాకు టేపు చుట్టి బోల్టు విప్పిన. వైరు చివరన ఉండే రాగి రింగు లేపితే కింద పసుపు రోజురోజుకు మాడి మాడి, కరెంటును పోనియ్యకుండ నల్లగ పెచ్చు కట్టి ఉన్నది. గరుకు కాయితంతోని మెరిసేదాకా రుద్దిన, పొడి బట్టతోని తుడిచిన, రెండు దిక్కులా బిగిచ్చిన. అన్నీ వరుసగ వేసిన. హీటర్ ఎక్కింది. ఫ్యాన్ తిరుగుతనే ఉన్నది. మా ఆయన ఇన్వర్టర్ల అంకె చదివిండు, ఫోన్‌ల ఉన్న అంకె, ఆ అంకె ఇంచుమించు ఒకటే ఉన్నయి. ఆ మెట్ల కింద, బూజు నెత్తిన పట్టించుకొని, నేను నవ్విన నవ్వు ఇప్పటికీ యాదికొస్తది. పెండ్లినాడు కూడ అంత సంతోషపడలేదనుకుంట.

మా అత్త మొకం చిన్నబోయింది. మంచిదని పెట్టిన బిడ్డా అన్నది. నోటిదాకా వచ్చిన మాటను ఎట్లనో మింగిన.

"పెట్టు అత్తమ్మా, వద్దంటలే. నెత్తి మీద పెట్టు, నోట్లె పెట్టకు" అన్న.

ఆమె పసుపు తడిపి తెచ్చి డబ్బా మూత మీద నడుమల పెట్టింది. ఆనాటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా, మా కోడలు బ్యాటరీ విప్పింది అని చెప్తనే ఉంటది. పసుపు సంగతి మాత్రం చెప్పదు. ఇన్నొద్దులు నేనూ చెప్పలే.

గుడ్లు పగిలి పిల్లలు వచ్చే రోజు అక్క పొద్దుటి నుంచి మా ఇంట్లనే ఉన్నది. మిషన్ అద్దంలకెల్లి చూస్తది, లేస్తది, మళ్ల వచ్చి కూసుంటది. అన్నం పెడితే ఆకలి లేదన్నది. పగటీలి మొదటి గుడ్డు చిట్లింది, లోపల కియ్యకియ్యమంటున్నది. పొద్దుగూకినంక, పెంకు రెండుగ విచ్చుకుంటుంటే కరెంటు పోయింది. గల్లీ అంతా ఒక్కసారి చీకటైంది. అక్క నా చెయ్యి పట్టుకున్నది, గోర్లు దిగినయి.

"పోయిందా చెల్లె" అన్నది.

నేను కూసున్న కాడికెల్లి లేవలే.

"కరెంటే అక్కా పోయింది. ఇటు చూడు" అన్న. మిషన్ల లైటు వెలుగుతనే ఉన్నది. హీటర్ ఎక్కింది. తడి ఆరని పిల్ల ఒకటి గుడ్డుపెంకు మీద నిలబడి ఉన్నది, దాని కాళ్లు నల్లగ ఉన్నయి. అప్పుడు ఏడ్చింది అక్క.