ఎడమ పక్క సౌండు

ఆ వీధిలో అతన్ని పాముచెవులాయన అంటారు. ఆంప్లిఫయర్లు బాగుచేస్తాడు. మూత విప్పకముందే, గుయ్యిమనే చప్పుడు విని జబ్బేమిటో చెప్పేస్తాడు. అలాంటివాడికి ఈమధ్య తిండి సయించడం లేదు.

కారణం డాన్స్ టీచరమ్మ ఆంప్లిఫయరు. మోకాళ్లు అరిగిపోయి, సౌండు పెంచడానికీ తగ్గించడానికీ మాటిమాటికీ లేవలేక ఆవిడ రిమోట్ పెట్టించుకుంది. అతను పాత వాల్యూమ్ కంట్రోల్ పీకేసి, రిమోట్ నొక్కితే చిన్న మోటారు తిప్పే కొత్తది బిగించాడు. వారం తిరక్కుండానే ఫోను.

"పాటలో జీవం పోయిందయ్యా. నీ రిమోటే మింగేసింది."

"రిమోట్ ఏం చేస్తుందమ్మా? మనం చేత్తో తిప్పేది అది మోటారుతో తిప్పుతుంది, అంతేగా!"

అన్నాడే గాని, పెట్టెను కొట్టుకు తెచ్చుకున్నాడు. నాబ్ సగానికి తిప్పి మీటరు పెట్టాడు. కుడి, ఎడమ సరిసమానం. చెవితో కూడా విందామని, పక్క కొట్టు టైలరు గొడవకు రాకుండా సౌండు బాగా తగ్గించి పాట పెట్టాడు. ఎడమ పక్క నీరసంగా వినిపించింది.

తండ్రిదీ ఇదే పని. ఇదే వయసులో ఆయనకు ముందు ఎడమ చెవి పోయింది, తర్వాత రెండోది, ఆ వెనకే పని. మీటరు అబద్ధం చెప్పదు కాబట్టి, చెడింది తన చెవే. స్పీకర్ల వైర్లు అటూ ఇటూ మార్చి వింటే తప్పు పెట్టెదో చెవిదో క్షణంలో తేలిపోతుంది. ఆ తేలడమే అతనికి భయం.

"ఏమండీ, ఇందాకట్నుంచీ పిలుస్తున్నా. వినపడట్లేదా?" అంది భార్య, ఆ రాత్రి అన్నం దగ్గర అతని ఎడమ పక్కన నిలబడి.

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎందుకు వినపడదూ? అన్నీ వినపడుతున్నాయి!" అని కసిరాడు. పాపం, ఆవిడ బిక్కచచ్చిపోయింది. అతను మాత్రం చాటుగా చేతి వాచీని ఒకసారి ఈ చెవికి, ఒకసారి ఆ చెవికి ఆనించుకుంటూనే ఉన్నాడు. అనుమానం పట్టిన చెవి ఏది విన్నా నమ్మదు.

చివరికి పెట్టెను అలాగే తీసుకెళ్లి టీచరమ్మ ఇంట్లో పెట్టాడు. "అంతా బాగానే ఉందమ్మా," అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో. కింది వాటా వాళ్లకు ఇబ్బందని ఆవిడ ఎప్పటిలాగే సౌండు చిన్నగా పెట్టింది.

"ఏం బాగుంది? ఎడమ పక్క పీలగా లేదూ?"

"ఏమన్నారు?"

"ఎడమ పక్క అంటున్నా. చెవుడా నీకు?"

అప్పుడు తట్టింది. కంట్రోల్ లోపల ఒక్కో పక్కకూ సౌండును పెంచి తగ్గించే పట్టీ ఒక్కోటి ఉంటుంది. నాసిరకానివైతే సౌండు బాగా తగ్గించినప్పుడు రెండూ సమానంగా పలకవు. తను బిగించింది అలాంటిదే. మీటరు పెట్టింది మాత్రం నాబ్ సగంలో ఉండగా, తేడా తెలియని చోట. తప్పు రిమోట్‌ది కాదు, మోటారుది కాదు, చెవిది అసలే కాదు. అక్కడే నేల మీద కూలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు.

"చెవుడు కాదమ్మా. నా పనే బాలేదు. మొత్తం చెడగొట్టేశాను," అన్నాడు, పెళ్లి కబురు చెబుతున్నంత సంబరంగా.